పగలు బాగుండి రాత్రి పడిపోయే పీఓఈ కెమెరాలు: స్విచ్ మార్చాలా, కేబుల్ మార్చాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు. ఎనిమిది పోర్టుల పీఓఈ స్విచ్ ఒకటి, అంటే నెట్‌వర్క్ కేబుల్ మీదే డేటాతో పాటు కరెంటు కూడా పంపే స్విచ్. 1వ పోర్టులో యార్డు వైపున్న, మోటారుతో తిరిగే పీటీజెడ్ కెమెరా, 2లో వైఫై యాక్సెస్ పాయింట్, 3 నుంచి 8 దాకా బుల్లెట్ కెమెరాలు. పగలంతా ఏ గొడవా లేదు. చీకటి పడ్డాక 7, 8 ఆగి ఆగి వస్తున్నాయి, ఒక్కోసారి 6 కూడా పోతోంది. 8వ పోర్టు మీదున్న వే బ్రిడ్జి కెమెరా 130 మీటర్ల దూరంలో ఉంది, దాని బొమ్మ పగలు కూడా అప్పుడప్పుడు ఆగుతోంది. ఒకాయన కెమెరాలు మార్చమన్నాడు, ఇంకొకాయన ఒక్కో కెమెరాకి విడిగా అడాప్టర్ పెట్టమన్నాడు. పీఓఈ పోర్టులో పొరపాటున ల్యాప్‌టాప్ పెడితే కాలిపోతుందా అని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. కెమెరాలు మార్చకండి, విడి అడాప్టర్లూ పెట్టకండి. మీ స్విచ్‌కి రాత్రిపూట వాట్లు చాలడం లేదు. వే బ్రిడ్జి కెమెరాది మాత్రం దూరం సమస్య, అది విడిగా చూడాలి. రెండూ ఒకే పోర్టు మీద కలిసిపోవడంతో మీకు ఒకే సమస్యలా కనిపిస్తోంది.

బుల్లెట్ కెమెరా పగలు తీసుకునేది దాదాపు 4 వాట్లు. చీకటి పడగానే కంటికి కనబడని వెలుగిచ్చే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) ఎల్ఈడీలు వెలుగుతాయి, అప్పుడు అదే కెమెరా 7 వాట్ల దాకా తీసుకుంటుంది. పీటీజెడ్ పగలు 9 వాట్లతో సరిపెట్టుకున్నా రాత్రి ఐఆర్‌తో 18కి వెళ్తుంది, మోటారు తిరుగుతుంటే ఇంకాస్త పైకి. యాక్సెస్ పాయింట్‌కి 10 అనుకుందాం. మీ మోడళ్ల డేటాషీటులో అంకెలు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, లెక్క మాత్రం ఇదే. పగలు ఆరు బుల్లెట్లకి 24, పీటీజెడ్‌కి 9, యాక్సెస్ పాయింట్‌కి 10, మొత్తం 43 వాట్లు. రాత్రి 42, 18, 10, మొత్తం 70.

మీరు పెట్టిన ఫొటోలో స్విచ్ అడాప్టర్ మీద 48 వోల్టులు, 1.25 ఆంపియర్లు అని ఉంది. రెండూ గుణిస్తే 60 వాట్లు. అందులోంచే స్విచ్ తన సొంత అవసరానికీ కొంత తీసుకోవాలి. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉన్న ‘పోర్టుకి 30 వాట్లు’ అబద్ధమేమీ కాదు. ఏదో ఒక్క పోర్టుకి 30 ఇవ్వగలదు. ఎనిమిదింటికీ కలిపి మాత్రం 60 దాటలేదు. పీఓఈ స్విచ్ కొనేటప్పుడు పోర్టుకి ఎన్ని వాట్లని కాదు, మొత్తం పీఓఈ బడ్జెట్ ఎంతని అడగాలి. షాపులో చెప్పలేకపోతే అడాప్టర్ తిప్పి వెనక ఉన్న వోల్టులు, ఆంపియర్లు గుణించుకోండి.

6, 7, 8 పోర్టులే ఎందుకు పడుతున్నాయంటే, చాలా చిన్న స్విచ్‌లలో 1వ పోర్టుకి అన్నిటికన్నా ఎక్కువ ప్రాధాన్యం, చివరి పోర్టుకి తక్కువ. వాట్లు చాలనప్పుడు స్విచ్ చివరి నుంచి కోసుకుంటూ వస్తుంది. 8 పోతే మీ లెక్క 63కి వస్తుంది, ఇంకా ఎక్కువే. 7 కూడా పోతే 56, అక్కడ ఊపిరి పీల్చుకుంటుంది. ఖాళీ దొరికింది కదా అని కాసేపటికి మళ్లీ 7వ పోర్టుకి కరెంటిస్తుంది. కెమెరా లేస్తుంది, నిమిషంలోపే ఐఆర్ వెలిగిస్తుంది, లెక్క మళ్లీ 60 దాటుతుంది, మళ్లీ కోత. లారీ ఏదైనా వచ్చి పీటీజెడ్ తిరగడం మొదలుపెట్టిందంటే 6 కూడా పోతుంది. మీరు రాసిన లక్షణాలు ఈ లెక్కకి అచ్చంగా సరిపోతున్నాయి.

నా మాట నమ్మనక్కర్లేదు, ఈ రాత్రే చూసుకోండి. కెమెరా సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఏవైనా ఐదు బుల్లెట్ కెమెరాల ఐఆర్ ఆపేయండి, లెక్క 55కి దిగుతుంది. ఆ ఐదింటి బొమ్మ నల్లగా వస్తుంది, ఫర్వాలేదు. 8 సంగతి పక్కన పెట్టి, మిగతావన్నీ తెల్లారేదాకా ఆగకుండా నిలబడితే సమస్య బడ్జెట్‌దే. రాత్రిదాకా ఆగలేకపోతే పట్టపగలే కెమెరాల ముందు భాగం మందపాటి నల్లగుడ్డతో కప్పండి. చీకటి పడిందనుకుని ఐఆర్ వేస్తాయి. ఒక్కొక్కటే కప్పుకుంటూ వెళ్తే ఎన్నో కెమెరా దగ్గర స్విచ్ చేతులెత్తేస్తుందో కళ్లముందే కనిపిస్తుంది. నేను ఎక్కడికి వెళ్లినా మొదట చేసేది ఇదే. దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు.

కొత్త స్విచ్ ఎంత వాట్లది తీసుకోవాలి? రాత్రి గరిష్ఠం మీద పాతిక నుంచి ముప్పై శాతం కలుపుకోండి. మీకు 70 కాబట్టి 90 పైన ఏదైనా చాలు, బజారులో సులువుగా దొరికేది 120 వాట్ల బడ్జెట్‌ది. రేపు ఇంకో రెండు కెమెరాలు పెట్టినా పనికొస్తుంది. ఇంకో సంగతి గమనించండి. కొన్ని స్విచ్‌లు కెమెరా నిజంగా ఎంత వాడుతోందో చూసి లెక్కేస్తాయి. కొన్ని మాత్రం కెమెరా తాను ఏ క్లాసని (ఎన్ని వాట్లు కావాలో చెప్పే తరగతి) చెప్పుకుందో దాన్ని బట్టి ముందే వాట్లు పక్కన పెట్టేస్తాయి. 4 వాట్లే తాగే కెమెరా క్లాస్ 3 అని చెప్పుకుంటే దానికి 15.4 వాట్లు రిజర్వ్ అయిపోతాయి. అలాంటి 60 వాట్ల స్విచ్‌లో మూడు కెమెరాలు పెట్టాక నాలుగోది అసలు వెలగదు. సెట్టింగ్స్ పేజీ ఉన్న స్విచ్ అయితే ఈ పద్ధతి మార్చుకోవచ్చు.

ఇప్పుడు కేబుల్ గురించి. మీరు అడగలేదు గానీ చెప్పకపోతే సమాధానం సగమే అవుతుంది. స్విచ్ దగ్గర బయల్దేరిన వాట్లన్నీ కెమెరా దగ్గరికి చేరవు. పీఓఈ ప్రమాణాలు రాసినవాళ్లకే ఆ సంగతి తెలుసు. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ ప్రకారం స్విచ్ దగ్గర 15.4 వాట్లు, అవతల పరికరానికి గ్యారంటీ 12.95 మాత్రమే. 2009 నాటి 802.3ఏటీలో 30కి 25.5. 2018లో వచ్చిన 802.3బీటీ ఎనిమిది తీగల్నీ వాడుకుని 90 వాట్ల దాకా ఇస్తుంది, అవతల 71.3 చేరుతుంది. తేడా అంతా వంద మీటర్ల రాగి తీగలో వేడిగా పోయే భాగం. ఏటీ లెక్కే తీసుకోండి, 0.6 ఆంపియర్ల కరెంటు, దారిలో 12.5 ఓమ్‌ల నిరోధం. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే సరిగ్గా 4.5 వాట్లు, 30కీ 25.5కీ మధ్య తేడా అదే.

ఇదంతా తీగ నిజమైన రాగి అయితేనే. మన దగ్గర చవగ్గా అమ్మే కేబుల్ పెట్టెల్లో చాలావాటిలో ఉండేది రాగి పూత పూసిన అల్యూమినియం. సీసీఏ అంటారు. రాగితో పోలిస్తే దాని నిరోధం ఒకటిన్నర రెట్లు. చాలాసార్లు తీగ కూడా సన్నగా లాగి ఉంటుంది, అప్పుడు రెండున్నర రెట్ల దగ్గరికి పోతుంది. కెమెరాల లోపల ఉండే సర్క్యూట్‌కి ఒక గుణం ఉంది. వోల్టేజ్ తగ్గితే తక్కువతో సర్దుకోదు, అవే వాట్లు రాబట్టుకోడానికి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. కరెంటు పెరిగితే తీగలో వోల్టేజ్ ఇంకా పడుతుంది. ఒక హద్దు దాటాక నిలదొక్కుకోలేక ఆగిపోతుంది.

మీ పీటీజెడ్ 90 మీటర్లలో ఉందన్నారు, రాత్రి 20 వాట్లు అనుకుందాం, స్విచ్ ఇచ్చేది 48 వోల్టులు. మంచి రాగి క్యాట్5ఇ (మామూలు రకం నెట్‌వర్క్ కేబుల్) అయితే కెమెరా దగ్గర 44.6 వోల్టులు ఉంటాయి, కేబుల్‌లో పోయేది వాటున్నర. అదే సన్నటి సీసీఏ అయితే 38 వోల్టులే చేరతాయి, ఐదు వాట్లు దారిలోనే వేడైపోతాయి. ఏటీ ప్రమాణం ప్రకారం అవతలి చివర కనీసం 42.5 వోల్టులుండాలి. కాబట్టి మీ 60 వాట్ల బడ్జెట్‌లో ఒక భాగం గోడలో ఉన్న కేబుల్‌ని వేడి చేయడానికే పోతూ ఉండొచ్చు. 7 వాట్ల బుల్లెట్‌కి ఈ నష్టం లెక్కలోకి రాదు, 48 వోల్టుల మీద అది సీసీఏతో కూడా నడిచేస్తుంది. అందుకే ‘మాకు సీసీఏతో ఏళ్ల తరబడి నడుస్తోంది కదా’ అని చాలామంది అంటారు. వాళ్లకి నడుస్తోంది నిజమే, పీటీజెడ్ తగిలించే రోజు దాకా. ఏటీ రకం స్విచ్ తన పోర్టు దగ్గర కనీసం 50 వోల్టులివ్వాలి. అందుకని కొత్తది కొనేటప్పుడు అడాప్టర్ మీద 48 కాకుండా 51 నుంచి 54 మధ్య అంకె ఉన్నది తీసుకోండి. ఆ నాలుగైదు వోల్టులు దూరం కెమెరాకి చాలా తోడ్పడతాయి.

కేబుల్ రాగిదో కాదో తెలుసుకోవడానికి బ్లేడుతో తీగని గీకి చూస్తారు. లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియం. అది బాగానే పనిచేస్తుంది, కానీ నాకు మల్టీమీటర్ మీద నమ్మకం ఎక్కువ. 305 మీటర్ల కొత్త పెట్టెలో రెండు కొసలూ బయటికి తీయండి. ఒక కొసన నీలం, నీలం-తెలుపు తీగల్ని మెలేసి కలపండి, రెండో కొసన అదే జతని మీటర్‌తో కొలవండి. రాగి క్యాట్5ఇ అయితే 50 ఓమ్‌ల చుట్టూ చూపిస్తుంది, రాగి క్యాట్6 అయితే 40 చుట్టూ. 75, 80 చూపించిందంటే ఆ పెట్టె వెనక్కి ఇచ్చేయండి, బిల్లు మీద ఏం రాసినా సరే. ఇప్పటికే గోడెక్కిన కేబుల్ అయితే అవతల కెమెరా, ఇవతల స్విచ్ రెండూ పీకి అలాగే కొలవండి. 90 మీటర్ల రాగి క్యాట్5ఇకి 15, 16 ఓమ్‌లు రావాలి. మిగతా మూడు జతలూ కొలిచి చూడండి. మూడు జతలు 15 దగ్గరుండి ఒకటే 19, 20 చూపిస్తే తీగ మంచిదే, తేడా ఎక్కడో కనెక్టర్‌లోనో అతుకులోనో ఉందన్నమాట.

కనెక్టర్ల సంగతి నేను ఎక్కువగా నేర్చుకున్నది భీమవరం వైపు రొయ్యల చెరువుల దగ్గర. అక్కడి గాలిలో ఉప్పు, తేమ రెండూ ఎక్కువే. కెమెరా తోకకీ మన కేబుల్‌కీ మధ్య ఆర్‌జే45 జాయింట్ ఉంటుంది కదా, దానికోసం కెమెరా పెట్టెలోనే ఒక ప్లాస్టిక్ తొడుగు, రబ్బరు రింగు ఇస్తారు. బిగించేటప్పుడు క్రింపింగ్ (తీగల కొసకి ప్లగ్ నొక్కి బిగించడం) చేశాక గుర్తొచ్చి, ఆ తొడుగు ఎక్కించాలంటే క్రింప్ మళ్లీ కోయాలి కాబట్టి వదిలేస్తారు. ఒక చెరువు దగ్గర అలా వదిలేసిన జాయింట్‌ని విప్పితే ప్లగ్ పిన్నుల్లో 4, 5 మీద పచ్చటి పొర పేరుకుని ఉంది, మిగతావి కాస్త శుభ్రంగానే ఉన్నాయి. ఆ స్విచ్ పాజిటివ్ వోల్టేజ్ ఇచ్చేది ఆ రెండు పిన్నుల మీదే. తడి తగిలిన చోట డీసీ పాజిటివ్ ఉంటే అది లోహాన్ని తొందరగా తినేస్తుంది. డేటా 1, 2, 3, 6 మీద పోతుంది కాబట్టి డేటా బాగానే ఉండి కరెంటు మాత్రం తడబడుతుంది. దాంతో అందరూ కెమెరా పోయిందనుకుంటారు. మీ మిల్లులో ఉప్పు లేకపోయినా వానా ఉంది, తవుడు దుమ్మూ ఉంది. బయటున్న జాయింట్లన్నీ ఒకసారి విప్పి చూసి, తొడుగులు ఎక్కించండి. కరెంటు ఉండగా ప్లగ్ పీకొద్దు. లోడ్ మీద పీకితే పిన్ను మీద చిన్న నిప్పురవ్వ వచ్చి పూత పోతుంది. స్విచ్ ఆపి పీకండి.

ఇంకో అలవాటు కూడా చూస్తుంటాను. ఒకే కేబుల్‌లో నాలుగు తీగలు ఒక కెమెరాకి, మిగతా నాలుగు ఇంకో కెమెరాకి కడతారు. ఆ నాలుగు తీగల మీద వంద ఎంబీపీఎస్ డేటా నడుస్తుంది, కొన్ని స్విచ్‌లతో కరెంటూ నడుస్తుంది. 4, 5, 7, 8 మీద కరెంటిచ్చే స్విచ్ పెట్టగానే రెండూ ఆగిపోతాయి. కొత్త స్విచ్ వచ్చాక ఏదైనా కెమెరా అసలు వెలగకపోతే మొదట ఇదే అనుమానించండి.

వే బ్రిడ్జి కెమెరా విషయానికొస్తే, 130 మీటర్లకి కరెంటు చేరడం పెద్ద కష్టం కాదు. బాగుండనిది డేటా. ఈథర్‌నెట్‌కి హద్దు వంద మీటర్లు, అందులో 90 గోడలో పోయే కేబుల్‌కి, మిగతా పది ప్యాచ్ కార్డ్‌లకి. స్విచ్ మీద ‘ఎక్స్‌టెండ్’ అని చిన్న మీట ఉంటుంది, 250 మీటర్లు వస్తుందని చెప్తారు. వస్తుంది, కానీ ఆ పోర్టు వేగం 10 ఎంబీపీఎస్‌కి పడిపోతుంది. ఒక్క కెమెరాకి అది సరిపోతుంది, ప్రస్తుతానికి ఆ మీట వేసి చూడండి. కొన్ని స్విచ్‌లలో ఆ మీట ఒక గుంపు పోర్టులన్నిటికీ కలిపి వర్తిస్తుంది, ఆ గుంపులో యాక్సెస్ పాయింట్ లేకుండా చూసుకోండి.

అయితే మీ చోట ఉంటే నేను అక్కడిదాకా ఫైబర్ (గాజు తీగ కేబుల్) లాగుతాను. వే బ్రిడ్జి గదిలో కంప్యూటర్ ఉంటుంది కాబట్టి కరెంటు ఉంటుంది. అక్కడో నాలుగు పోర్టుల చిన్న పీఓఈ స్విచ్, రెండు చివర్లా ఫైబర్‌ని మామూలు కేబుల్‌కి కలిపే మీడియా కన్వర్టర్లు చాలు. దూరం ఒక్కటే కారణం కాదు. మిల్లు షెడ్డుకీ వే బ్రిడ్జి గదికీ ఎర్తింగ్ వేరు వేరు. ఒకచోట పెద్ద మోటారు లేచినప్పుడో, దగ్గర్లో పిడుగు పడినప్పుడో రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజ్ తేడా వచ్చి, రాగి కేబుల్ గుండా స్విచ్‌లోకి వస్తుంది. పిడుగు పడిన మర్నాడు ఒక కెమెరా, దాని పోర్టు, డీవీఆర్ వెనకున్న లాన్ కార్డు వరసగా పోయిన చోట్లు చాలా చూశాను. అన్నిచోట్లా రెండు భవనాల మధ్య రాగి కేబుల్ వేలాడుతూ ఉంది. గాజు తీగకి ఆ బాధ లేదు. యార్డు పీటీజెడ్ లాగా ఎత్తు స్తంభం మీదుండేవాటికి ఈథర్‌నెట్ సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి, దాని ఎర్త్ తీగని తప్పకుండా ఎర్త్ పిట్‌కి కలపండి. ఎర్త్ కలపకుండా పెడితే అది ఉన్నా లేనట్టే.

ల్యాప్‌టాప్ కాలిపోతుందా? ప్రమాణం పాటించే స్విచ్ అయితే కాలదు. అలాంటి స్విచ్ పోర్టులో ప్లగ్ పెట్టగానే 48 వోల్టులు వదలదు. ముందు 3 నుంచి 10 వోల్టుల మధ్య చిన్న వోల్టేజ్ పంపి అవతల 25 కిలో ఓమ్‌ల నిరోధం ఉందో లేదో చూస్తుంది. పీఓఈ పరికరంలో ఆ నిరోధం కావాలనే పెడతారు. అది కనిపిస్తే 15 నుంచి 20 వోల్టుల మధ్య ఇంకోసారి తట్టి, ఏ క్లాసో కనుక్కుని, అప్పుడు పూర్తి వోల్టేజ్ ఇస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఆ 25 కిలో ఓమ్‌లు ఉండవు, కాబట్టి కరెంటు రాదు, డేటా మాత్రమే నడుస్తుంది. కెమెరా పీకినా అరసెకను లోపే కరెంటు ఆగిపోతుంది, ఆ తీగలో ఇంకొకటి పెట్టేలోపు మళ్లీ పరీక్ష మొదలు.

భయపడాల్సింది పాసివ్ పీఓఈకి. పాత వైర్‌లెస్ రేడియోలతో వచ్చే 24 వోల్టుల ఇంజెక్టర్లు, కొన్ని బాగా చవక స్విచ్‌లు ఏమీ అడగకుండా తీగల్లో వోల్టేజ్ నింపి కూర్చుంటాయి. వాటిలో మామూలు పరికరం పెడితే పోర్టు పోవచ్చు. తేల్చుకోవడం తేలిక. పోర్టుకి ఒక చిన్న కేబుల్ పెట్టి, ఏ పరికరమూ లేకుండా రెండో కొసన 4వ, 7వ తీగల మధ్య మీటర్‌తో కొలవండి. స్థిరంగా 24 గానీ 48 గానీ చూపిస్తే అది పాసివ్. అంకె చిన్నగా ఉండి ఎగిరిపడుతూ ఉంటే స్విచ్ వెతుకుతోందని అర్థం. కొన్ని స్విచ్‌లు 1, 2, 3, 6 మీద ఇస్తాయి కాబట్టి 1కీ 3కీ మధ్య కూడా చూడండి.

విడి అడాప్టర్లు ఎందుకు వద్దన్నానంటే, చాలాచోట్ల అడాప్టర్ కెమెరా దగ్గర పెట్టరు, కింద గదిలో పెట్టి 12 వోల్టుల్ని మిగిలిన నాలుగు తీగల మీద పైకి పంపుతారు. ఒక స్కూల్లో ఇలా చేసి, ఐఆర్ వెలగగానే కెమెరాలు ఆరిపోతుంటే నన్ను పిలిచారు. 40 మీటర్ల సీసీఏ అంటే దారిలో 5.2 ఓమ్‌లు. 12 వోల్టుల నుంచి ఆ నిరోధం దాటి అవతలికి చేర్చగలిగిన గరిష్ఠం 6.9 వాట్లు, కెమెరాకి కావల్సింది 7. ఎంత పెద్ద అడాప్టర్ పెట్టినా ఆ హద్దు మారదు. అదే తీగ మీద 48 వోల్టులు పంపగానే అన్నీ నిలబడ్డాయి, కేబుల్ కూడా మార్చలేదు. పీఓఈలో 48, 54 వోల్టులు వాడేది ఇందుకే. అలాగని ఇంకా పెంచరు, 60 వోల్టుల లోపు డీసీని చేత్తో తాకినా ప్రమాదం తక్కువ అన్న హద్దులో ఉంచడానికి.

పైగా పీఓఈ ఉంటే మీ కెమెరాలన్నిటికీ ఒకే యూపీఎస్ చాలు. స్విచ్, ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డర్), ఇంటర్నెట్ రౌటర్ మూడూ దాని మీదే పెట్టండి. మామూలు 600 వీఏ యూపీఎస్‌లో ఉండే 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ మీ రాత్రి లోడ్‌ని అరగంటకి మించి లాగదు. మీకు కోతలు ఎక్కువుంటే ఇన్వర్టర్ లైను మీదికి మార్చేయండి.

పని వరస ఇలా పెట్టుకోండి. ఈ రాత్రి ఐఆర్ ఆపి చూడటం. రేపు పగలు పీటీజెడ్ కేబుల్, 6, 7, 8 కేబుళ్ల ఓమ్‌లు కొలవడం, బయటి జాయింట్లు విప్పి చూడటం. ఆ తర్వాతే 120 వాట్ల స్విచ్‌కి డబ్బు పెట్టండి. పీటీజెడ్ కేబుల్ సీసీఏ అని తేలితే ముందు ఆ ఒక్కటే రాగి క్యాట్6తో మార్చండి, బుల్లెట్ల కేబుళ్లు ఇప్పుడప్పుడే ముట్టుకోనక్కర్లేదు. మిల్లు మోటార్ల కేబుళ్లు పోయే ట్రేలో మాత్రం దాన్ని వేయనివ్వకండి, విడి పైపులో తీసుకెళ్లమనండి. కొలిచిన అంకెలు, ఒక్కో కేబుల్ పొడవు ఇక్కడ రాయండి, ఏ కేబుల్ ఉంచొచ్చో ఏది తీసేయాలో చెప్తాను.